మనం ఎందాకా

పాత కరెంటు బిల్లు వెనక
బెజవాడ గీశాడు బసవపున్నయ్య.
ముప్పయ్యేళ్లు మీటర్లు చూసిన మనిషి,
సందునీ మర్చిపోడు, సందులో కుక్కనీ మర్చిపోడు.
మూడు కాలవలకి మూడు గీతలు.
రైలు పట్టాలకి కుట్టు కుట్టినట్టు చిన్నచిన్న గాట్లు.
కొండ ఉండే చోట టీ గ్లాసు పెట్టాడు.
కృష్ణ గియ్యక్కర్లేదన్నాడు,
కాగితం అంచే కృష్ణ.

"ఇప్పుడు చెప్పండి, మనం ఎందాకా?"

ఒక ఇంట్లో మూలన పడున్నది
ఇంకో ఇంట్లో పనికొస్తుందని
చేతులు మార్చే గుంపు మాది.
పైసా లేదు, రసీదు లేదు.
మొదట్లో, నోరు మంచిదైనప్పుడు,
ఊరంతా మాదే అనేశాం.
అన్నందుకు
భవానీపురంలో మంచం ఉందని తెలిసి
పటమట నుంచి ఒకాయన ఆటో కట్టించుకుని వచ్చాడు.
మంచం చూశాడు, కోళ్లు తట్టి చూశాడు,
ఆటో అతనితో బేరం మళ్లీ మొదలెట్టాడు.
"రానూపోనూ కిరాయికి
సగం కొత్త మంచం వచ్చేదమ్మా" అని
నవ్వి, ఉత్త చేతుల్తో వెళ్లాడు.
ఆ నవ్వు నెల రోజులు
నా పుస్తకంలో ఏ కాలమ్‌లోనూ పట్టలేదు.

కాబట్టి హద్దు కావాలి.

పిన్‌కోడు చాలన్నాడు జోజిబాబు.
వెనకింటి వాళ్ల పిన్‌కోడు వేరని
అతనికే గుర్తొచ్చి టీ ఊదుకున్నాడు.
డివిజన్ నంబరు పెడదామన్నారెవరో.
ఎలక్షన్ వచ్చినప్పుడల్లా
మన గిన్నెలు వార్డు మారతాయా అన్నారింకెవరో.

నాంచారమ్మ లోపలికి రాలేదు.
వాకిట్లో బండి చక్రానికి నూనె పెడుతోంది.
పెడుతూనే అంది:
"బీరువా అయితే ఏలూరు కాలవ వంతెన దాకా.
వంతెన ఎక్కాలంటే వెనకాల ఇంకో మనిషుండాలి.
కుక్కరు సంచిలో పడేస్తే సిటీ బస్సు ఎక్కుద్ది,
ఎక్కడిదాకా అంటే అక్కడిదాకా.
పుస్తకాలు బరువే,
అయినా పిల్లకాయలు వాళ్లే వచ్చి మోసుకుపోతారు."

"మరి ఉయ్యాల?"

"ఉయ్యాలకి హద్దేంటి,
పిల్ల ఎక్కడ పుడితే అక్కడికి."

బసవపున్నయ్య పెన్సిలు చెక్కాడు.
ఒక గీత కాదు, ఇప్పుడు నాలుగు.
బీరువా ఊరు బెత్తెడు.
కుర్చీ ఊరు కాస్త నయం.
కుక్కరు ఊరికి పటమటా ఉంది, గుణదలా ఉంది.
ఒక్క బెజవాడలో ఇన్ని బెజవాడలు
మునిసిపాలిటీ వాళ్లకి తెలుసో లేదో.

ఉత్తరానికి వచ్చేసరికి
సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర చెయ్యి ఆగింది.
"ఇక్కడికి చాలు, బండి ఎక్కదు."
నిజమే, ఎవరం మాట్లాడలేదు.

షంషాద్ మాట్లాడింది.
"బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు
మూడో రోజు పడవలో ఒక స్టవ్వు వచ్చింది.
కృష్ణలంకలో ఎవరో ఇచ్చారన్నారు.
పేరు తెలీదు.
రెండో బర్నరు కొంచెం ఎగదోస్తే గానీ వెలగదు,
ఆ ఇంట్లోనూ అలాగే వెలిగించి ఉంటారు.
రోజూ పొద్దున్నే ఆమె చేత్తోనే ఎగదోస్తున్నట్టుంటుంది."

ఇంకేమీ అనలేదు.
హద్దు తప్పనీ అనలేదు.

బసవపున్నయ్య వంటింట్లోకి వెళ్లి
రెండు మెతుకులు తెచ్చాడు.
పాత బిల్లుకి ఇంకో పాత బిల్లు
మెతుకుతో అంటించాడు, వేలితో రుద్దాడు.
అటువైపు వాళ్ల గుంపు వాళ్లదే,
వాళ్ల బండి, వాళ్ల పుస్తకం.
అతుకు దగ్గర మాత్రం
గీత గియ్యకుండా వదిలేశాడు,
షంషాద్ ఇల్లు పట్టేంత.

చీకటి పడ్డాక గ్లాసు తీస్తే
కొండ చోట గుండ్రంగా టీ మరక.
ఎవరూ గియ్యని ఐదో హద్దు.
దాన్ని దేనికి వాడాలో
ఇంకా తేల్చలేదు.